చెయ్యి చాపి అడిగితేనే

ఆ రోజు నా జుట్టు పట్టుకుని ఈడ్చింది ఎవరో, నా పెదవి చీల్చింది ఎవరో నాకు బాగా తెలుసు. పోలీసులు ఎన్నిసార్లు అడిగినా నేను ఒక్కరి సంగతీ చెప్పలేదు. భయపడి కాదు, నాకు భయమేంటి! నేనూ తక్కువ తినలేదు. మా వీధిలో బట్టలు కుట్టే దర్జీ వదిన చెయ్యి విరగ్గొట్టింది నేనే. కానీ ఆ రోజు మా వీధిలో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది నేనూ కాదు, ఆవిడా కాదు.

మా వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని పక్కనే మా పిండి మిల్లు, మిల్లు మీద మా ఇల్లు. కింద మోటారు తిరిగితే పైన గూట్లో గిన్నెలు గలగలలాడతాయి. మోటారు మా ఆయన చూసుకుంటాడు. తూకం, బేరం, తగువులు నావి. మా ఆయనకు నోట్లో నాలుక లేదు, ఆయన వంతు కూడా నేనే మాట్లాడేస్తాను. మా తమ్ముడు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అమ్మ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉన్నాడు. వాడికి తల దువ్వి బడికి పంపింది నేనే, వీపు మీద రెండు వేసి చదివించింది కూడా నేనే.

వాడి పనిలో ఒక పద్ధతి ఉంది. తీగల మీద పని పడితే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫ్యూజులూ పీకేస్తారు. పింగాణీ పిడులుంటాయి వాటికి, ఒక్కోటి అరచేతిలో పట్టేంత. పీకినవాటిని నమ్మకమైన మనిషి చేతికిచ్చి స్తంభం ఎక్కుతారు. అవి ఆ మనిషి చేతిలో ఉన్నంతసేపూ పైనున్నవాడి ప్రాణం భద్రం. ఇదివరకు వాడితో ఒక హెల్పరు వచ్చేవాడు. ఖర్చు తగ్గించుకోవాలని ఆఫీసువాళ్ళు హెల్పర్లందరినీ ఇంటికి పంపేశారు. అప్పటినుంచి మా వీధిలో పని పడితే వాడి హెల్పరును నేనే, జీతం లేని హెల్పరును.

"ఎవరడిగినా ఇవ్వకక్కా," అనేవాడు. "మా ఇంజనీరొచ్చి అడిగినా ఇవ్వకు. బావ అడిగినా ఇవ్వకు. నేను దిగొచ్చి, నీ ఎదురుగా నిలబడి, చెయ్యి చాపి అడగాలి. అప్పుడే ఇవ్వు."

వాడు దిగొచ్చి చెయ్యి చాపినప్పుడల్లా నేను ముఖం గంటు పెట్టుకుని, "ఇంతకీ నువ్వెవరు బాబూ?" అనేదాన్ని.

"నీ తమ్ముణ్ణే తల్లీ, పెట్టు," అనేవాడు వాడు.

ఎప్పుడూ అదే మాట, ఎప్పుడూ అదే నవ్వు. మా ఆయన లోపలి నుంచి తల ఊపుతూ తన పనిలో తానుండేవాడు.

మా వీధికి ఇంకో అలవాటుంది, అదీ చెప్పాలి. ఇంట్లో ఫ్యూజు పోతే సన్న తీగ వేయాలి. మా వీధిలో ఒక్కరూ వేయరు. పాత కేబులు ఒలిచి లావుపాటి రాగి తీగ చుట్టేస్తారు, ఇక అది జన్మలో పోదు. మా తమ్ముడు ఇంటింటికీ వెళ్ళి నెత్తీ నోరూ బాదుకునేవాడు. బయటివాళ్ళ దాకా ఎందుకు, మా మిల్లులోనూ అదే భాగోతం. మోటారు మొరాయించినప్పుడల్లా మా ఆయన జేబులోంచి రాగి ముక్క తీసి తగిలించేవాడు.

"బావా, కాలిపోవడానికే కదా ఫ్యూజు పెట్టేది!" అనేవాడు తమ్ముడు.

"కాలిపోతే పనాగిపోద్ది కదరా," అనేవాడు మా ఆయన. ఆ విషయంలో మాత్రం ఆయనకు నోరు లేచేది.

ఇక గొడవ సంగతి. ఇన్నాళ్ళూ కరెంటు ఖర్చులో కొంత గవర్నమెంటు మోసేది, కొంత మాలాంటి మిల్లులూ కొట్లూ ఎక్కువ రేటు కట్టి మోసేవి, మిగిలింది ఇళ్ళవాళ్ళు కట్టేవాళ్ళు. గవర్నమెంటుకు ఏం పుట్టిందో, తన వాటా తగ్గించుకుంది. కంపెనీ నష్టాలని గోల పెట్టి అందరి రేట్లూ పెంచింది. నా బిల్లు చూస్తే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. నేను పిండి ఆడే రేటు పెంచాను. పెంచక ఏం చేయను, గాలి పీల్చి మోటారు తిప్పనా?

వీధి సంఘం పెద్దాయన మిల్లు ముందుకొచ్చి నిలదీశాడు. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది, అందుకే అందరూ మైకు అంటారు.

"ఏమ్మా, మిల్లులు ఎక్కువ రేటు కట్టి మమ్మల్ని మోస్తున్నాయంట, పేపర్లో రాశారు. నువ్వు కట్టే ఆ ఎక్కువ ఎవరి దగ్గర లాగుతున్నావు? మా పిండిలోనే కదా? మా బిల్లూ మేమే కట్టి, నీ బిల్లూ మేమే కట్టాలా?"

"కట్టకండి! మీ వీధి కోసం నా కమ్మలమ్మి కడతాలే!" అన్నాను.

మాట అనేశాను గానీ లోపల నాకూ తెలుసు, ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. దర్జీ వదిన పరిస్థితి మరీ అన్యాయం. ఆవిడ ఇంట్లో కుట్టు మిషనుకు మోటారు పెట్టుకుందని కంపెనీవాళ్ళు ఆ ఇంటిని కొట్టు కింద రాసేశారు. మంచం పక్కన మిషను, మిషను పక్కన పొయ్యి, దానికి కొట్టు రేటు! ఆవిడా నేనూ రోజూ సాయంత్రం మిల్లు అరుగు మీద కూర్చుని ప్రపంచాన్ని కడిగేసేవాళ్ళం. బిల్లులొచ్చాక ఆవిడ అరుగెక్కడం మానేసింది. మిల్లు ముందు నుంచి పోతూ కూడా ముఖం తిప్పుకునేది.

చివరికి వీధి మొత్తం బిల్లులు కట్టడం ఆపేసింది. నేను మాత్రం కట్టాను. మోటారు ఆగితే మాకు పూట గడవదు. అప్పుడు ఆఫీసువాళ్ళు ఆర్డరు వేశారు, ఇళ్ళ వైపు వెళ్ళే తీగలు కత్తిరించాలి, డబ్బు కట్టిన మిల్లుకు మాత్రం ఉంచాలి అని. ఆ పనికి మా తమ్ముణ్ణి పంపారు. వాడు ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడ్డాడట, ఇంకెవరినైనా పంపండి సార్ అని. "నీ వీధే కదా, నీ మాటైతే వింటారు," అన్నాడట ఆ మహానుభావుడు.

పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. ముఖంలో కళ లేదు.

"ఎందుకురా ఆ ఏడుపు మొహం? కట్టనోళ్ళకి కత్తిరిస్తారు, లోకమంతా జరిగేదేగా," అన్నాను నేను. ఒళ్ళు మండి ఉన్నాను కదా, అలాగే వచ్చింది మాట.

వాడు మూడు ఫ్యూజులూ పీకి నా ఒళ్ళో పెట్టాడు. నేను కొంగులో మూట కట్టి నడుముకు బిగించుకున్నాను. వీధి వంపు తిరిగాక దర్జీ వదిన ఇంటి ముందు స్తంభం ఉంది. అక్కడ నిచ్చెన వేసి ఎక్కి, బెల్టు కట్టుకున్నాడు. మా అరుగు మీద నుంచి చూస్తే ఇళ్ళ కప్పుల పైన వాడి తలా భుజాలూ కనిపిస్తాయి. మోటారు దగ్గర గానీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గానీ నిలబడితే అదీ కనిపించదు.

వాడు మొదటి తీగ తెంపాడో లేదో వీధి వీధంతా బయటికొచ్చింది. సగం మంది స్తంభం చుట్టూ మూగారు. మిగతా సగం మైకును ముందు పెట్టుకుని మా మిల్లు మీదికొచ్చారు. దర్జీ వదిన మెడలో టేపు వేలాడుతూనే ఉంది.

"ఫ్యూజులిటివ్వు," అన్నాడు మైకు. "అవి మా చేతికొస్తే మీవాడు నోరు మూసుకుని దిగుతాడు. దిగాక మేమే పెట్టుకుంటాం. ఎవరికీ ఏం కాదు."

"వాడు దిగొచ్చి అడగాలి. అప్పుడే ఇస్తాను."

"తమ్ముడు స్తంభమెక్కి మాకు చీకటి చెయ్యడం, అక్క మిల్లేసుకుని డబ్బులు దండుకోవడం! బాగుందే నాటకం!" ఎవరో వెనక నుంచి అరిచారు.

"వదినా, ఈ వారం నేను యూనిఫాంలు ఇవ్వకపోతే కాంట్రాక్టు పోద్ది," అంది దర్జీ వదిన. "నీకు పుణ్యముంటది, ఇచ్చెయ్యి."

"నీ యూనిఫాంల కోసం నా తమ్ముణ్ణి చంపుకోనా?"

"చంపమని ఎవరన్నారే! దిగమంటున్నాం!"

ఆ 'అన్నారే' తో ఇద్దరికీ తిక్క లేచింది. ఆవిడ నా కొంగు మీద చెయ్యి వేసింది. నేను ఆవిడ గుండెల మీద తోశాను. ఆవిడ లేచొచ్చి నా జుట్టు రెండు చేతులా పట్టుకుని అరుగు మీద నుంచి కిందికి లాగింది. నా ముఖం మెట్టుకు కొట్టుకుని పెదవి రెండుగా చీలింది. నోటి నిండా రక్తం. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొడుతున్నారో ఎవరికీ తెలియలేదు. ఒకడు నా వీపు మీద తన్నాడు. ఇంకొకావిడ నా వేళ్ళు విరిచి కొంగు లాక్కోవాలని చూసింది, ఆవిడ మణికట్టును పళ్ళు దిగేలా కొరికాను. కొందరు మిల్లులో దూరి పిండి బస్తాలు కోసేశారు. తక్కెడ విసిరేశారు. కిటికీ అద్దం భళ్ళున పగిలి ఆ ముక్కలన్నీ నా తల మీదే రాలాయి. పిండీ రక్తం కలిసి నా కళ్ళు మూసుకుపోయాయి.

చేతికి తూకం రాయి తగిలింది. ఇనుప రాయి. దర్జీ వదిన చెయ్యి నా నడుము దగ్గర ముడి విప్పుతోంది. ఆ చేతి మీద రాయితో కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ అరవలేదు, ఆ చెయ్యి వంకే చూస్తూ కూలబడింది. ఎవరో నా చేతిలో రాయి లాక్కుని నా భుజం మీదే దించారు.

మా ఆయన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "కొట్టకండి, దాన్ని కొట్టకండి," అని చేతులు జోడించాడు. ఆయన కడుపులో ఎవడో మోకాలితో పొడిచాడు. ఆయన వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ గోడకు గుద్దుకుని పడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకుంటూ వంపు తిరిగి వచ్చారు. "ఇక వాడు దిగేదెట్లా? ఫ్యూజులిచ్చేదాకా అక్కడే ఉండనీ," అని ఒకడు నవ్వుతున్నాడు. నేల మీద పడి ఉన్న నాకు ఆ మాటలు వినిపించాయి. గోడ దగ్గరున్న ఆయనకు వినిపించలేదు. ఆయన చూసింది నిచ్చెన ఒక్కటే. నిచ్చెన కిందికొచ్చిందంటే మనిషి దిగినట్టే అనుకున్నాడు.

నన్ను నలుగురు పట్టుకుని తిప్పి పడేశారు. ఒకడు నా చేతి మీద బూటుకాలు పెట్టి నిలబడ్డాడు. నేను రెండో చేత్తో మూటను కడుపు కింద పెట్టుకుని బోర్లా ముడుచుకుపోయాను. నా తమ్ముడు పైనున్నాడు, నా తమ్ముడు పైనున్నాడు అని అరుస్తూనే ఉన్నాను. నోరు పిండీ మట్టీ అయితే ఆ మాట ఎవరికి అర్థమవుతుంది! చంపినా ఇవ్వను అనుకున్నాను. నిజంగా చంపేస్తారేమో, చంపితే చంపనీ అనుకున్నాను.

ఉన్నట్టుండి మిల్లులో బల్బు వెలిగింది.

నా కొంగులో మూడు ఫ్యూజులూ అలాగే ఉన్నాయి. నా పొట్టకు గుచ్చుకుంటూనే ఉన్నాయి. బల్బు మాత్రం వెలుగుతోంది. పగటి వెలుతురులో ఆ పిచ్చి పసుపు వెలుగు.

"కరెంటొచ్చింది! కావలసింది కరెంటే కదా, వచ్చింది కదా! ఇక వదిలెయ్యండి దాన్ని!" మా ఆయన గొంతు అది. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె తలుపు తీసి ఉంది. ఫ్యూజు పెట్టే చోట లావుపాటి రాగి తీగ బిగించి ఉంది. ఆయన చేతిలో పటకారు ఉంది. నా మీది జనం విడిపోవడం చూసి ఆయన ముఖం తేటపడింది, నవ్వబోయినట్టు పెదవులు కదిలాయి.

"వాడు పైనున్నాడు!" అన్నాను. ఈసారి అందరికీ వినిపించింది.

స్తంభం వైపు నుంచి అరుపు లేదు. ఏదో మాడుతున్న వాసన, చిటపటలు. మా తమ్ముడు బెల్టుకు వేలాడుతున్నాడు. ఒక చెయ్యి తీగకు, ఒక చెయ్యి స్తంభం మీది ఇనుప పట్టీకి అతుక్కుపోయాయి. ఒళ్ళంతా బిగుసుకుని వణుకుతోంది. రెండు చేతుల నుంచీ పొగ లేస్తోంది. మైకు నోరు తెరిచాడు గానీ మాట బయటికి రాలేదు.

మా ఆయన పిండి తోసే చెక్క తీసుకుని ఆ రాగి తీగను కొట్టాడు. ఊడలేదు. ఆయన బిగించింది కదా, గట్టిగానే బిగించాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, ఏడుస్తూ కొట్టాడు. ఊడింది. బల్బు ఆరిపోయింది. పైన వాడి తల ముందుకు వాలింది.

నిచ్చెన తీసుకుపోయినవాళ్ళే దాన్ని మళ్ళీ పరుగున తెచ్చారు.

ఆ సాయంత్రానికే ఆఫీసువాళ్ళు కొత్త ఫ్యూజులు తెచ్చి పెట్టేశారు. తెంపిన తీగ అతికించారు. వీధి మొత్తానికి కరెంటొచ్చింది, ఎవరినీ బిల్లు అడగలేదు. కొద్ది రోజులకు గవర్నమెంటు ప్రకటన చేసింది. పెంచినదాంట్లో కొంత తాము భరిస్తారట, కొంత కంపెనీ భరిస్తుందట, మిగిలింది జనం మెల్లగా కట్టుకోవచ్చట. అంటే ముగ్గురూ కూర్చుని పంచుకున్నారు. ముందే పంచుకుని ఏడిస్తే ఏం పోయింది వీళ్ళ సొమ్ము! మా తమ్ముడి చేతుల మాటకొచ్చేసరికి మాత్రం ఎవరూ వాటాకు రాలేదు. సంబంధం లేని మనిషెవరో కరెంటిచ్చారు కాబట్టి తమ బాధ్యత లేదంది కంపెనీ. కంపెనీనే అడగండి అంది గవర్నమెంటు. ఆ మనిషెవరో చెప్పమ్మా అన్నారు పోలీసులు. ఒక్కరి సంగతి చెబితే చివరికి మా ఆయన సంగతీ చెప్పాలి. నేను చూడలేదన్నాను. చిత్రమేమిటంటే వీధిలో కూడా ఒక్కరు చెప్పలేదు.

ఒకరోజు ఆస్పత్రిలో వార్డు బయట బల్ల మీద దర్జీ వదిన కూర్చుని ఉంది. చేతికి కట్టు. రోజూ వచ్చి కూర్చుని వెళ్తుందని నర్సు చెప్పింది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది. నేను కూర్చోలేదు, పొమ్మని కూడా అనలేదు.

లోపల మా తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మా ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రోజూ అక్కడి దాకానే వస్తాడు, లోపలికి అడుగు పెట్టడు. మిల్లు తాళం తీసి కూడా చూడలేదు ఆయన. వాడికి స్పృహ వచ్చిందే గానీ నాతో మాట్లాడటం లేదు. ఆ రోజు మాట్లాడాడు.

"ఎందుకిచ్చావక్కా?"

నాకు మొదట అర్థం కాలేదు.

"నేను దిగకుండా ఇవ్వొద్దన్నాను కదా. దెబ్బలు తట్టుకోలేకపోయావా?" వాడి గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. "ఒక్క నిమిషం ఓర్చుకోవాల్సిందక్కా. బెల్టు విప్పి జారి దిగిపోదామని చూస్తున్నా. అందుకే ఆ పట్టీ పట్టుకున్నా."

నా చేతిసంచిలో ఆ ఫ్యూజులున్నాయి. గొడవ రోజు నుంచి నాతోనే తిరుగుతున్నాయి. బయటికి తీస్తే నేను ఇవ్వలేదని వాడికి తెలుస్తుంది. మరి కరెంటెలా వచ్చిందని ఆలోచిస్తాడు. ఆలోచిస్తే మా వీధి సంగతి, మా మిల్లు సంగతి వాడికన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? తీయకపోతే బతికినన్నాళ్ళూ నేనే ఇచ్చాననుకుంటాడు. అనుకోనీ అని నోరు కట్టుకున్నాను. వాణ్ణి పెంచింది నేనే, ఆ మాట మోయాల్సింది కూడా నేనే అనుకున్నాను.

"మీ అక్క ఇవ్వలేదురా." గుమ్మం దగ్గర నుంచి మా ఆయన అన్నాడు. "నేనే. రాగి తీగ వేశాను. నిచ్చెన కిందికి రావడం చూశాను, దిగిపోయావనుకున్నాను. దాన్ని చంపేస్తున్నారురా అక్కడ."

మా తమ్ముడు గోడ మీద నుంచి చూపు తిప్పి బావ వైపు చూశాడు. ఆయన తల వంచలేదు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

నేను సంచిలోంచి ఫ్యూజులు తీశాను. పిడుల మీద పిండీ రక్తం ఎండి గట్టిపడి ఉన్నాయి, నేను కడగలేదు. వాడు ఒక్కొక్కదాన్నీ చూశాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఇంటికొచ్చి నన్ను చూడగానే ఏడ్చేవాడు, అచ్చం అలాగే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నర్సు వచ్చి చూసి వెళ్ళిపోయింది.

"బావను లోపలికి రమ్మనక్కా," అన్నాడు కాసేపటికి. ఆయన వచ్చి మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మరి అడగవేంటి?" అన్నాడు నాతో.

"ఏమనిరా?"

"ఎప్పుడూ అడిగేదే."

నా వల్ల కాలేదు. వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు, కదలడం లేదు. చివరికి అడిగాను. "ఇంతకీ నువ్వెవరు బాబూ?"

"నీ తమ్ముణ్ణే తల్లీ," అన్నాడు. దుప్పటి కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసి నా ముందుకు చాపాడు. మోచేతి కిందుగా తెల్లటి గుడ్డ చుట్టి ఉంది, అక్కడితో చెయ్యి అయిపోయింది. "పెట్టు."

ఫ్యూజులు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.